పెద్ద చేప లేని పెళ్ళి కథ

ఆ వేసవిలో మా ఇంటి గడప దాటడానికి బజారు వస్తువులు భయపడేవి. పొరపాటున ఏదైనా లోపలికి వచ్చిందా, మా మనవరాలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఇది ఎవరు చేశారు?" అని అడిగేది. "ఏదో ఫ్యాక్టరీలో చేసుంటారే" అంటే, "ఆ ఫ్యాక్టరీని మనం పెళ్ళికి పిలిచామా?" అని దాన్ని గుమ్మం బయట పెట్టేసేది. చివరికి మా పిల్లి కూడా తాను బజారు సరుకు కాదని చెప్పుకోవడానికి, స్వయంగా పట్టిన ఎలుకను రోజుకొకటి తెచ్చి ఆమె చెప్పుల పక్కన పెట్టేది.

నా మాటల్లో సగం కొట్టేసి వినడం ఈ చుట్టుపక్కల అందరికీ అలవాటు. మీరూ కొట్టేసుకోండి, నాకేం బాధ లేదు. బస్సు సంగతి వచ్చినప్పుడు మాత్రం కొట్టేయకండి. అది చెప్పడానికి నాకు నలభై ఎనిమిదేళ్ళు పట్టింది.

నేను పడవలు చేసే వడ్రంగిని. చదువు ఊరిబడిలో అయిదో తరగతి వరకు. వీధిలో అందరూ నన్ను కోతల తాత అంటారు. మా ఆవిడ తెరచాపలు కుట్టేది, ఇప్పటికీ కుడుతుంది. నేను వెయ్యి మాటలు మాట్లాడే చోట ఆవిడ ఒక మాట మాట్లాడుతుంది. లెక్కకి ఇద్దరం కలిపి మామూలు మనుషులమే. కింద భాగంలో మా అమ్మాయికి రొట్టెల బట్టీ ఉంది. అల్లుడు లారీ నడుపుతాడు కాబట్టి ఇంట్లో అతని చెప్పులు ఎక్కువగానూ, అతను తక్కువగానూ కనిపిస్తారు. వాళ్ళ కూతురే ఈ మనవరాలు. చిన్నప్పుడు కూర్చుని తినేది కాదు, గెంతుతూ తినేది. అందుకని పిచ్చుక అన్నాను, అదే నిలిచిపోయింది. కళ్ళజోళ్ళ దుకాణంలో పని. ఎదురుగా గడియారాలు బాగుచేసే కుర్రాడి దుకాణం. కళ్ళజోడు తుడుస్తూ ఈమె అటు చూడటం, గడియారం విప్పుతూ అతను ఇటు చూడటం, మధ్యలో రోడ్డు మీద పోయే జనం వాళ్ళ చూపులకు తట్టుకుని పడిపోవడం, ఇలా రెండేళ్ళు జరిగాక పెళ్ళి అన్నారు.

పెళ్ళి సముద్రం ఒడ్డున అన్నారు. నలభై మందితో అన్నారు. అక్కడే మా అమ్మాయి చేతిలో పిండి ముద్ద బల్ల మీద దబ్బున పడింది.

"నలభయ్యా? నా దగ్గర రొట్టె తీసుకునేవాళ్ళే నాలుగొందల మంది!"

"వాళ్ళకి రోజూ రొట్టె ఇస్తున్నావు కదమ్మా. పెళ్ళి కూడా ఇవ్వాలా?" అంది పిచ్చుక.

"హాలు వద్దు, బ్యాండు వద్దు, వంటవాళ్ళు వద్దు. ఇసుకలో కూర్చోబెట్టి పంపిస్తావా అందరినీ?"

"ఇసుకలో ఎందుకు? తాత బెంచీలు చేస్తాడు."

ఎవరు ఏం చేయాలో పిండి సంచి కాగితం మీద రాసి గోడకి అతికించింది. అమ్మ కేకు. నాన్న సామాను మోత. అమ్మమ్మ పందిరి, పాత తెరచాపలతో. పెళ్ళికొడుకు ఉంగరాలు, పాత గడియారాల డబ్బీల లోహంతో. అతని తల్లి, అంటే స్కూలు హెడ్‌మాస్టరమ్మ, ఒడ్డున ఏరిన చదునైన రాళ్ళ మీద నలభై పేర్లు తన గుండ్రటి చేతిరాతతో రాయాలి. నా పేరు అన్నిటికన్నా కింద ఉంది. దాని ఎదురుగా రెండు మాటలు: బెంచీలు, నిజం.

"బెంచీలు సరే. ఈ రెండోది ఏమిటే?" అన్నాను.

"రిజిస్టరులో సంతకాల ముందు ఉపన్యాసాలేవీ పెట్టుకోవట్లేదు తాతా. ఒక్కటే. మీ ఇద్దరి పెళ్ళి ఎలా జరిగిందో నువ్వు చెప్పాలి. నిజంగా జరిగింది. ఉప్పూ కారం లేకుండా."

"అదెప్పుడూ చెబుతూనే ఉన్నాను కదా. పెద్ద చేప..."

"అదుగో! ఆ చేప వద్దనే అంటున్నాను."

ఆ చేప గురించి మీకు చెప్పాలి. మా పెళ్ళికి నేను ఒకరోజు ఆలస్యంగా వెళ్ళాను. ఎందుకంటే, ఆ తెల్లవారుజామున చిన్న పడవలో వెళ్తుంటే ఒక చేప నా లంగరు మింగింది. మింగి ఊరుకుందా? నన్నూ పడవనూ లాక్కుంటూ పగలంతా, రాత్రంతా పోయి ఒక దేశం ఒడ్డుకు చేర్చింది. అక్కడి అధికారులు కాగితాలు అడిగారు. నా దగ్గర లేవు, చేప దగ్గరా లేవు. ఇద్దరినీ వెనక్కి పంపించేశారు. ఇదీ నేను యాభై ఏళ్ళుగా చెబుతున్నది.

"నా చిన్నప్పుడు ఆ చేప బెంచీ అంత ఉండేది. మొన్న హెడ్‌మాస్టరమ్మ గారికి చెప్పినప్పుడు మన వీధంత ఉంది," అంది పిచ్చుక.

"చేపలు పెరుగుతాయే, యాభై ఏళ్ళు."

అందరూ నవ్వారు. మా ఆవిడ నవ్వలేదు. దారం నోటితో తెంపి, తలెత్తకుండానే, "చెప్పండి. నేనూ వింటాను," అంది.

నాకు చెమటలు పోశాయి. బట్టీ పక్కన నిలబడ్డాను కాబట్టి ఎవరూ గమనించలేదు.

*

పనిలో పడితే భయం పోతుందని బెంచీలు మొదలుపెట్టాను. పది బెంచీలు, ఒక్కోదానికి నలుగురు. మొదటిది చేసి, బాగా చిత్రిక పట్టి, అద్దంలా చేశాను. వంగి చూస్తే అందులో నా ముఖం పాతికేళ్ళ కుర్రాడిలా కనిపించింది. దాన్ని ఒడ్డుకు తీసుకెళ్ళి వేశాం. పరీక్ష చేయడానికి హెడ్‌మాస్టరమ్మ స్వయంగా వచ్చారు. చేతిలో గొడుగు, సంచిలో రాళ్ళు, రంగు డబ్బా. ముప్ఫై ఏళ్ళు పిల్లల అబద్ధాలు పట్టుకున్న మనిషి. ఆవిడ చూస్తే సముద్రం కూడా చేతులు కట్టుకుని నిలబడుతుంది.

"గట్టిదేనా?" అన్నారు.

"అమ్మా, నేను చేసిన పడవ తుఫానులో కొండ ఎక్కి దిగింది. బెంచీ ఒక లెక్కా?"

ఆవిడ కూర్చున్నారు. కూర్చుని సంచి విప్పి, రాసిన రాళ్ళు నాకు చూపించడం మొదలుపెట్టారు. మూడో రాయి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నా మోచేయి దగ్గర ఉన్నారు. అయిదో రాయికి నా నడుము దగ్గర ఉన్నారు. ఎనిమిదో రాయికి కుడివైపు ఒరిగి, గొడుగు అలాగే నిటారుగా పట్టుకుని, నేల మీద కూర్చున్నవాళ్ళలా ఉన్నారు.

"పెద్దాయనా," అన్నారు, గొంతు ఏమాత్రం మారకుండా. "నేను కిందికి వెళ్తున్నానా, మీరు పైకి వెళ్తున్నారా?"

పెళ్ళికొడుకు పరుగెత్తుకొచ్చి తల్లిని లేపాడు. అతన్ని నేను టిక్కుటిక్కు అంటాను. నెమ్మదస్తుడు, మాట్లాడేముందు లోపల ముల్లు తిరుగుతున్నట్టు ఉంటుంది. బెంచీ కాళ్ళ గుంటల్లోకి చూసి, "సన్నటి కాళ్ళు తాతగారూ. ఇసుకలో దిగబడుతున్నాయి. మీరు పడవల మనిషి కదా..." అని ఆగిపోయాడు.

అంతే, నా నెత్తిన మొట్టికాయ వేసినట్టయింది. యాభై ఏళ్ళు ఇసుక మీద పడవలు ఈడ్చినవాణ్ణి, సన్నకాళ్ళ బెంచీ చేస్తానా? ఆ సాయంత్రమే కాళ్ళు కోసేసి, అడుగున పడవకి ఉన్నట్టే రెండు వెడల్పు చెక్కలు, చివర్లు పైకి వంచి బిగించాను. మర్నాడు ఏనుగు వచ్చి కూర్చున్నా దిగబడలేదు. సరే, ఏనుగు రాలేదు. మా అల్లుడు వచ్చాడు.

హెడ్‌మాస్టరమ్మ రెండోసారి కూర్చుని, కాసేపు ఎదురుచూసి, తృప్తిపడ్డారు. లేస్తూ, "మీ ఉపన్యాసం రాశారా? ఒకసారి చూపిస్తే బాగుంటుంది. అయిదు నిమిషాలు దాటకూడదు. చేపలు ఉండకూడదు," అన్నారు.

"రాస్తున్నానమ్మా. సగం అయింది."

"ఏ సగం?"

ఆ మనిషి ముందు అబద్ధం ఆడటం, వట్టి చేత్తో పీత పట్టుకోవడం ఒకటే. "ఇంకా మొదలుపెట్టలేదు," అన్నాను.

"అదీ మాట," అని గొడుగు విప్పి వెళ్ళిపోయారు.

*

ఇక బస్సు సంగతి. ఇది కొట్టేయకండి.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు, ఆవిడకి ఇరవై ఒకటి. ఇద్దరికీ అడ్డం చెప్పేవాళ్ళూ లేరు, ముందుండి చేసేవాళ్ళూ లేరు. రిజిస్ట్రారు ఆఫీసులో పది గంటలకి కలుసుకుందాం, సాక్షి సంతకాలు అక్కడి బంట్రోతులే పెడతారు అనుకున్నాం. ఓ చిన్న గది అద్దెకి తీసుకుని, నా పనిముట్ల పెట్టె, ఆవిడ సామాను ముందురోజే అక్కడ పెట్టాం.

పొద్దున్నే తల దువ్వుకుని బయల్దేరాను. ఆఫీసుకి వెళ్ళే దారిలో బస్టాండు ఉంది. అందులో ఒక బస్సు ఉంది. ఎక్కేశాను.

ఎందుకు ఎక్కానో చెప్పాలంటే సిగ్గుగా ఉంటుంది. పెళ్ళంటే భయం కాదు. అప్పటికే ఆవిడకి నేను చాలా చెప్పాను. తుఫానులో ఒంటిచేత్తో పడవ తిప్పానని, పెద్ద ఓడల కంపెనీ వాళ్ళు నా కోసం మనిషిని పంపారని, ఇలాంటివి. ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుని వినేది. రేపటి నుంచి ఆవిడ ఒక గదిలో ఉండబోయేది ఆ మనిషితో కాదు, నాతో. అది తలుచుకుంటే కాళ్ళు బస్సు వైపు నడిచాయి. ఒప్పుకున్నది వాణ్ణి, వచ్చేది నేను.

ఆ బస్సులో చివరి ఊరిదాకా పోయి, అక్కడి బస్టాండులో ఒక బల్ల మీద రాత్రి గడిపి, పొద్దున్నే మొదటి బస్సులో వెనక్కి వచ్చాను. మనసు మారి వచ్చాను అని రాస్తే ఎంత బాగుంటుందో నాకు తెలుసు. కానీ వచ్చింది పనిముట్ల పెట్టె కోసం. ఆ ఊళ్ళో పని అడిగితే "నీ ఉలి ఏది, నీ సుత్తి ఏది?" అన్నారు. తీసుకుని మళ్ళీ పోదామనే వచ్చాను.

ఇదీ ఆ నిజం. ఇది నలభై మంది ముందు, ఆవిడ ముందు చెప్పాలి. చేప ఎంత పెద్దదైతే దాని వెనక ఈ బస్సు అంత బాగా దాగేది.

ముందు ఆవిడకి ఒక్కదానికే చెబుదామని మూడుసార్లు ప్రయత్నించాను. పందిరి కోసం ఆవిడ పై గదిలో తెరచాపలు పరిచి కుడుతోంది. పాతికేళ్ళ గాలి తిన్న గుడ్డ, తెలుపు పోయి మీగడ రంగుకి వచ్చింది. నన్ను ఒక అంచు పట్టుకోమంది.

"ఏమోయ్, ఆ రోజు..." అన్నాను.

"సరిగ్గా పట్టుకోండి. వదులవుతోంది."

"పట్టుకున్నాను. ఆ రోజు, మన పెళ్ళి..."

"ఊఁ."

"పెళ్ళిరోజున... సముద్రం ఎంత నీలంగా ఉందనుకున్నావు! ఆ చేప వీపు మీద..."

దబ్బనం గుడ్డలోకి దిగిన చప్పుడు నా గుండెలోకి దిగినట్టు వినిపించింది. ఆవిడ ఇంకో అంచు అందించింది.

రెండోసారి చేపతో పాటు ఒక తాబేలు కూడా వచ్చింది. మూడోసారి ఏం వచ్చిందో చెప్పను. నోరు తెరిస్తే చాలు, నిజం గొంతు దాకా వచ్చి, ముందు మీరు వెళ్ళండి అని అబద్ధానికి దారి ఇచ్చి వెనక్కి తగ్గేది. అలవాటైన మర్యాద మరి.

*

పెళ్ళికి ముందురోజు మధ్యాహ్నం పదో బెంచీకి నూనె పూస్తున్నాను. పిచ్చుక షెడ్డులోకి వచ్చింది. కేకు కోసం అమ్మ చేసిన హడావిడి, రాళ్ళలో ఒకటి పగిలితే హెడ్‌మాస్టరమ్మ కళ్ళజోడు తీసి మరీ బాధపడటం, అన్నీ చెబుతూ నవ్వింది. తొమ్మిదో బెంచీ మీద కూర్చుంది. గెంతలేదు. అప్పుడే నేను అనుకోవాల్సింది.

"తాతా."

"ఊఁ."

"నీకు భయం వేసిందా? పెళ్ళప్పుడు?"

"భయమా? నాకా? చేప నోట్లో..."

"చేప వద్దు తాతా." మామూలుగానే అంది. ఒళ్ళో చేతులు పెట్టుకుని గోరుతో గోరు గీకుతోంది. "వాడంటే ఇష్టమే. చాలా ఇష్టం. అయినా పొద్దున్న నుంచి దుకాణం తాళం వేసి ఎటైనా నడుచుకుంటూ పోవాలనిపిస్తోంది. ఇలా నాకొక్కదానికేనా, అందరికీనా? అమ్మని అడిగితే కేకు గురించి చెబుతుంది. అమ్మమ్మ అసలు చెప్పదు. నువ్వు చెప్పేది ఎప్పుడూ చేప."

నూనె గుడ్డ నా చేతిలోనే ఉంది. చెప్పేయొచ్చు. ఎవరూ లేరు.

"అందరికీ ఏముంటుందే," అన్నాను. "నేనైతే పెళ్ళికి పాట పాడుకుంటూ పోయాను."

ఆమె నా వైపు చూసి నవ్వింది. పెద్దవాళ్ళు చిన్నపిల్లల బొమ్మ చూసి "బాగుంది" అని నవ్వుతారే, ఆ నవ్వు. లేచి, బట్టలకి అంటిన రంపపు పొట్టు దులుపుకుని, "అలాగేలే తాతా," అని వెళ్ళింది. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది కానీ వెనక్కి తిరగలేదు.

ఆ పిల్ల ఆ కాగితం మీద నిజం అని ఎందుకు రాసిందో నాకు అప్పుడు అర్థమైంది. అది నలభై మంది కోసం కాదు. బెంచీకి మిగిలిన సగం ఎలా పూశానో నాకు గుర్తులేదు.

*

పెళ్ళిరోజు నాలుగు గంటలకి ఆటు వచ్చి, నీళ్ళు వెనక్కి పోయి, ఇసుక నున్నగా, గట్టిగా ఉంది. అల్లుడు లారీలో బెంచీలు దింపాడు. మా ఆవిడ పందిరి నాలుగు తెడ్ల మీద నిలబెట్టాం. గాలి దూరగానే అది ఉబ్బి, మమ్మల్నందరినీ ఎటైనా తీసుకుపోతానన్నట్టు తాళ్ళు లాగింది. ప్రతి చోటా ఒక రాయి, రాయి మీద గుండ్రటి అక్షరాలు. హెడ్‌మాస్టరమ్మ ఒక్కొక్కరినీ వాళ్ళ రాయి దగ్గర కూర్చోబెట్టి, రాయి జేబులో వేసుకోవద్దని చెప్పి వెళ్తున్నారు. మా అమ్మాయి కేకు మూడు అంతస్తులు, ఈగ వాలకుండా తానే కాపలా. "నలభై మందే అయినా తిండి నాలుగొందల మందికి ఉంది," అని వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది. మనుషుల విషయంలో ఓడిపోయినా కేకు విషయంలో గెలిచింది.

పిచ్చుక అమ్మమ్మ కుట్టిన గౌను వేసుకుని, చెప్పుల్లేకుండా వచ్చింది. అందంగా ఉంది అని అందరూ అన్నారు. నాకు మాత్రం ఆమె బొటనవేళ్ళు కనిపించాయి. రెండూ ఇసుకలోకి దిగబడి, గట్టిగా పట్టుకుని ఉన్నాయి. పక్కన టిక్కుటిక్కు ముఖం చూస్తే ముల్లు ఆగిపోయినట్టే ఉంది.

రిజిస్ట్రారమ్మ పుస్తకం బల్ల మీద పెట్టి, గాలికి కాగితాలు ఎగరకుండా మిగిలిన రాళ్ళు వాటిపై పెట్టింది. "ముందు పెద్దాయన మాట్లాడతారు," అన్నారు హెడ్‌మాస్టరమ్మ. చేతి గడియారం చూసుకున్నారు.

లేచాను. "చేప! చేప!" అని వెనక బెంచీలోంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

"చేప లేదు," అన్నాను. "బస్సు ఉంది."

ఇంకా నవ్వుతున్నారు. కొత్త కోత అనుకున్నారు. నేను ఎవరినీ చూడలేదు, పిచ్చుక బొటనవేళ్ళనే చూస్తూ చెప్పాను. తల దువ్వుకున్నది చెప్పాను. బస్టాండు చెప్పాను. ఒప్పుకున్నది నా కోతల్లోని మనిషిని, వచ్చేది నేను అన్నది చెప్పాను. ఎప్పుడు ఆగిపోయిందో తెలియదు కానీ నవ్వు ఆగిపోయింది. ఉలి కోసం, సుత్తి కోసం తిరిగి వచ్చాననేది మింగేయబోయాను. అయినా చెప్పాను.

"గది మెట్లెక్కితే గుమ్మంలో ఈవిడ కూర్చుని ఉంది. ఒళ్ళో తన సూదుల పెట్టె. ముఖం వాడిపోయి ఉంది. ముందురోజు పది గంటలకి ఆఫీసులో నా కోసం చూసి, సాయంత్రం దాకా చూసి, రాత్రంతా ఆ గుమ్మంలోనే కూర్చుందని అర్థమైంది. ఆ మనిషి ముందు నిలబడి, 'బస్సెక్కాను' అని ఎలా చెప్పను? నోట్లోంచి చేప వచ్చింది. అంతా విని, 'చేపకి దెబ్బలేమీ తగల్లేదు కదా?' అని అడిగింది. లేచి నాతో ఆఫీసుకి వచ్చింది. అక్కడి గుమాస్తా మమ్మల్ని మార్చి మార్చి చూసి నవ్వాడు. నన్ను చూసి నవ్వుతున్నాడనుకుని తల దించుకున్నాను. భయం వేసిందా అని నా మనవరాలు నిన్న అడిగింది. వేసింది. బస్సెక్కేంత వేసింది. ఇదీ నిజం. అయిపోయింది."

కూర్చోవడానికి బెంచీ కోసం వెనక్కి తడిమాను. అప్పుడు మా ఆవిడ గొంతు వినిపించింది, గుడ్డ మడత పెడుతూ మాట్లాడినంత మామూలుగా.

"రాత్రంతా కూర్చున్నదానికి పెట్టె ఒళ్ళో ఎందుకుంటుందండీ?"

నేను తిరిగి చూశాను.

"అప్పుడే గదిలోంచి తీసుకుని బయటికి వస్తున్నాను," అంది. "మెట్ల మీద మీ అడుగులు వినిపించాయి. అక్కడే గుమ్మంలో కూర్చుండిపోయాను."

"మరి ముందురోజు... ఆఫీసులో..."

"నేను ఆఫీసుకి వెళ్ళానని ఎవరన్నారు?"

సముద్రం కూడా ఒక అల మానుకున్నట్టనిపించింది.

"మా దూరపు పిన్ని ఒకావిడ ఇంట్లో అటకెక్కి కూర్చున్నాను. పొద్దున్న నుంచి దీపాలు పెట్టేదాకా. ఆకలేసింది, అయినా దిగలేదు. ఇంత మాట్లాడే మనిషి పక్కన జీవితాంతం నోరు మూసుకుని ఉండాలేమో అని భయం. మీరు ఆఫీసులో నిలబడి ఉంటారని ఏడుపొచ్చింది కూడా. పొద్దున్నే నా సూదులు తీసుకుని పోదామని వస్తే మీరు ఎదురుపడ్డారు. ఏం చెప్పాలా అని చూస్తుంటే మీరే చేపని మొదలుపెట్టారు. ఇంక నేను చెప్పాల్సిన పని లేకపోయింది."

కేకు దగ్గర నుంచి మా అమ్మాయి, "అంటే ఆ రోజు మీ పెళ్ళికి ఎవరొచ్చినట్టు?" అంది.

"గుమాస్తా ఒక్కడే," అంది మా ఆవిడ.

నలభై మంది నవ్వు ఒకేసారి లేచింది. పందిరి ఆ గాలికే ఉబ్బిందని నేను ఇప్పుడు చెబుతుంటాను. అది మీరు కొట్టేసుకోవచ్చు. హెడ్‌మాస్టరమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటున్నారు. "పదకొండు నిమిషాలు," అన్నారు నాతో.

నేను పిచ్చుక కాళ్ళ వైపు చూశాను. బొటనవేళ్ళు ఇసుకలోంచి బయటికి వచ్చాయి. ఆమె టిక్కుటిక్కు వైపు తిరిగి, అతని ముఖం కాసేపు చూసింది.

"నువ్వొచ్చావు," అంది.

అతను ఆలోచించాడు. లోపల ముల్లు కదిలింది. "నువ్వూ వచ్చావు," అన్నాడు.

"అయితే పద, సంతకం పెడదాం."

పెట్టారు. రిజిస్ట్రారమ్మ రాయి తీసి కాగితం తిప్పేలోపే ఇద్దరూ పెట్టేశారు.

*

కేకు తిని, జనం పలచబడ్డాక, బెంచీలు లారీకి ఎక్కించే ముందు మేమిద్దరం ఒకదాని మీద కూర్చున్నాం. దిగబడలేదు. పోటు మొదలై నీళ్ళు మెల్లగా పైకి వస్తున్నాయి. నేను చాలాసేపు మాట్లాడలేదు. నా జీవితంలో అదే పెద్ద వింత, ఎవరికి చెప్పినా నమ్మరు.

"నలభై ఎనిమిదేళ్ళు," అన్నాను చివరికి. "నలభై ఎనిమిదేళ్ళుగా రోజూ నీకన్నా ముందు లేచి టీ పెట్టి నీ మంచం దగ్గరికి తెస్తున్నానే! ఎందుకనుకున్నావు? ఆ గుమ్మంలో నిన్ను కూర్చోబెట్టిన పాపం కడుక్కోవడానికి!"

"తెలుసు."

"తెలిసి ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెబితే టీ ఎవరు తెస్తారు?" అని చెయ్యి చాపింది. లేవడానికి సాయం పట్టమని. పట్టాను.

మర్నాడు పొద్దున టీ పెట్టడానికి నేను లేవలేదు. కళ్ళు మూసుకుని పడుకున్నాను. పక్క మంచం మీద ఆవిడా లేవలేదు. కింద బట్టీ తలుపు తెరిచిన చప్పుడైంది, మొదటి రొట్టెల వాసన పైకి వచ్చింది, పిల్లి వచ్చి మా ఇద్దరి ముఖాలూ చూసి వెళ్ళిపోయింది. కిటికీలోంచి ఎండ నా కాళ్ళ మీదికి, మోకాళ్ళ మీదికి, కడుపు మీదికి వచ్చింది. ఆవిడ నిద్రపోవడం లేదని నాకు తెలుసు. నేను నిద్రపోవడం లేదని ఆవిడకీ తెలుసు.

ఎండ గడ్డం దాకా వచ్చాక, ఒక కన్ను కొద్దిగా తెరిచి అటు చూశాను. అటు నుంచి కూడా ఒక కన్ను తెరిచి ఉంది.

ఇద్దరం ఒకేసారి లేచాం.